రెండు గొట్టాలు... ఒకే పాట!

హీరోగారు బైకు కిక్కు కొట్టారు. హాలంతా ఈలలు! ఆయన తాళం తిప్పాడా, పెట్రోలు వుందా అని ఎవరూ అడగరు. మనక్కావలసింది ఆ చప్పుడు. గుండెల మీద ఎవరో డప్పు వాయించినట్టుండాలి. అంతే!

మరి ఆ చప్పుడు నిజంగా ఆ బండిదేనా? కాదు లెండి. ఆ రోజుల్లో మన సినిమాల్లో మాటలతో పాటు చప్పుళ్ళు కూడా తర్వాత థియేటర్లో కూర్చుని కలిపేవారు. తెర మీద ఒక బండి పోతుంటే మన చెవిలో ఇంకో బండి మోగేది. హీరోగారి పక్కన పాడే గొంతు వేరొకరిదైనట్టే ఇదీను.

ఈ చిన్న సంగతి 1986లో నా బుర్రకెక్కి వుంటే ఒక మనిషి కాలు విరక్కుండా వుండేది. ఈ మాట ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ముందు బండి సంగతి చెప్పి, తర్వాత కాలు సంగతికొస్తాను.

తెనాలి నుంచి చదువుకోసం వచ్చి అమీర్‌పేటలో అన్నయ్య దగ్గర వుండేవాణ్ణి. సారథీ స్టూడియోకి నాలుగు సందుల ఇవతల, రెండు గదుల వాటా. సారథీ అంటే మీకు తెలుసుగా? ‘మా ఇంటి మహాలక్ష్మి’ని 1959లో అక్కడే తీశారు. పూర్తిగా హైదరాబాద్‌లో తయారైన తొలి తెలుగు సినిమా అని దానికి పేరు. నేనొచ్చేనాటికి సినిమావాళ్ళు సగంమంది ఇంకా మద్రాసులోనే వున్నా, ఇక్కడ షూటింగులు బాగా పెరిగాయి. స్టూడియో గేటు ముందు ఎప్పుడు చూసినా పాతికమంది నిలబడే వుండేవారు. అందులో నేనూ ఒకణ్ణి. నా పక్కన నిలబడి పరిచయమైనవాడు కరీంనగర్ కుర్రాడు. గట్టి మనిషి, కోతిలా గోడలెక్కేవాడు. డూపుగా చేరాలని వాడి కోరిక. హీరో బదులు బైకు ఎగిరించాలి, అద్దాలు పగలగొట్టుకుని దూకాలి! వాడి పేరు రాయను. ఎలాగూ వాడు ఇది చదువుతాడు.

అన్నయ్య బాలానగర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగి. అప్పు చేసి సెకండ్‌హాండ్‌లో ఒక రాజ్‌దూత్ 350 కొన్నాడు. ఇప్పటి కుర్రకారు దాన్ని ఆర్‌డి అంటారు. యమహావారి ఆర్‌డి 350కి అది మనదేశపు అవతారం. ఎస్కార్ట్స్ కంపెనీవారు ఫరీదాబాద్‌లో 1983 నుంచి తయారుచేశారు. ఆ దశాబ్దం ముగిసేసరికి తయారీ ఆగిపోయింది. 347 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. మొదట వచ్చిన హైటార్కు బండికి 30.5 హార్స్‌పవర్, తర్వాత వచ్చిన లోటార్కుకు 27. అదే కంపెనీ పాత రాజ్‌దూత్ మీద పాలక్యాన్లు కట్టుకుని తిరిగే జనానికి ఇది పిడుగులా కనిపించింది. రాజ్‌దూత్ అనగానే ‘బాబీ’లో రిషికపూర్ తోలిన బుల్లి బండి జ్ఞాపకం వస్తుంది చాలామందికి. 1973లో ఆ సినిమాతో దేశమంతా దాన్ని ‘బాబీ బండి’ అనే పిలిచింది. దానికీ దీనికీ పేరొక్కటే చుట్టరికం! ఈ కొత్తది పరుగెత్తటంలో ఎంత గట్టిదో ఆగటంలో అంత బద్ధకస్తురాలు. జపాను బండికి ముందు డిస్కు బ్రేకు వుంటే, మనకు డ్రమ్ము బ్రేకే ఇచ్చారు.

పెట్రోలు తాగుతుందని వదిన రోజూ సణిగేది. అన్నయ్య నవ్వి వూరుకునేవాడు.

ఇక్కడో ముఖ్యమైన సంగతి చెప్పాలి. ఇది టూస్ట్రోకు ఇంజన్. రెండు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక్కో సైలెన్సర్, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ఆ గొట్టాలు పొగ పోవటానికి మాత్రమే అనుకుంటారు జనం. నేనూ అలాగే అనుకున్నాను. గొట్టం లోపలి జాలీ పీకేస్తే చప్పుడు పెరుగుతుంది, చప్పుడు పెరిగితే వేగం పెరుగుతుంది... ఇంతే నా ఇంజనీరింగు!

అసలు జరిగేది వేరు. మ్యాట్నీ వదిలే వేళ ఒక సినిమాహాలు ఊహించుకోండి. లోపలికీ బయటికీ తలుపులు ఒకేసారి తెరిచారు. మ్యాట్నీ జనం బయటికి పోతున్నారు, ఫస్ట్‌షో జనం లోపలికి వస్తున్నారు. ఆ తోపులాటలో ఏమవుతుంది? టిక్కెట్టు కొని లోపలికి వచ్చినవాళ్ళు కొందరు పోయేవాళ్ళతో కొట్టుకుపోయి రోడ్డు మీద తేలతారు! టూస్ట్రోకు ఇంజన్లో ప్రతి చుట్టుకూ ఇదే గొడవ. కాలిన పొగ పోతుంటేనే కొత్త పెట్రోలు గాలి వస్తుంది. అందులో కొంత పొగతో పాటే బయటికి జారిపోతుంది.

ఇప్పుడు ఆ వీధి మొదట్లో ఒక గడుసు గేట్‌మన్‌ని పెట్టారనుకోండి. ముందు మ్యాట్నీ జనాన్ని చెయ్యి పట్టి బయటికి లాగుతాడు. సరిగ్గా తలుపు మూసేముందు, జారిపోయిన ఫస్ట్‌షో వాళ్ళని వెనక్కి నెట్టి హాల్లో పడేస్తాడు. పందెపు బండ్ల పొట్టగొట్టం, అదే ఎక్స్‌పాన్షన్ చాంబర్, చేసే పని ఇదే. గొట్టం ముందు సన్నగా మొదలై, క్రమంగా వెడల్పవుతుంది. మధ్యలో పొట్ట. మళ్ళీ సన్నబడి చివర చిన్న తోక. పొగతో పాటు ఒక చప్పుడు అల కూడా బయలుదేరుతుంది. వెడల్పయ్యే చోట అది లాగుడుగా మారి వెనక్కి వస్తుంది, సన్నబడే చోట తగిలి నెట్టుడుగా మారి వెనక్కి వస్తుంది. చప్పుడంటే వూరికే చప్పుడు కాదన్నమాట. అది పనిమనిషి!

అయితే ఈ గేట్‌మన్ వేళ తప్పకూడదు. ఇంజన్ నిమిషానికి 7500 చుట్లు తిరుగుతుంటే ఒక చుట్టుకు పట్టేది సెకనులో వెయ్యోవంతులు 8. పొగ తలుపు తెరిచి వుండేది రమారమి సగం చుట్టు, అంటే 4. ఆ వేడిలో చప్పుడు సెకనుకు సుమారు 500 మీటర్లు పోతుంది. ఆ కాస్త వ్యవధిలో అది తిరిగేది 2 మీటర్లు. పోవటం, రావటం కలిపి కాబట్టి గొట్టం మీటరు దగ్గర వుండాలి. రెండంగుళాలు కురచైతే? అది 7500 దగ్గర కాక 7900 దగ్గర పాడుతుంది. ఒకే బండికి ఒక గొట్టం ఒక శ్రుతిలో, రెండోది ఇంకో శ్రుతిలో వుంటే... ఇద్దరు గాయకులు చెరో హార్మోనియం పెట్టుకున్నట్టే.

ఈ విద్య పుట్టిన కథ వింటే ఏ నిర్మాతైనా చెక్కు రాసేస్తాడు. తూర్పు జర్మనీలో షోపావ్ అనే వూళ్ళో ఎంజెడ్ అనే బండ్ల కంపెనీ. అక్కడ వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు. యుద్ధకాలంలో రాకెట్లు తయారైన పీనెముండెలో పనిచేసినవాడు. డబ్బు లేదు, మంచి సామాను లేదు. కానీ గొట్టంలో అలలు ఎలా పోతాయో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆయన 125 సీసీ ఇంజన్ 1961 నాటికి 25 హార్స్‌పవర్ ఇచ్చింది. లీటరుకు 200 చొప్పున లెక్క! అంతకుముందు అలాంటి ఇంజన్ ఎవరూ అంతదాకా తీసుకుపోలేదు. ఆ బండి తోలేవాడు ఎర్నెస్ట్ డెగ్నర్. ప్రపంచ ఛాంపియన్ కావటానికి అడుగు దూరంలో వున్నాడు. ఆ ఆగస్టులోనే బెర్లిన్ గోడ లేచింది. సెప్టెంబరులో స్వీడన్ పందేనికి వెళ్ళిన డెగ్నర్ మళ్ళీ ఇంటికి పోలేదు! అదే సమయానికి అతని భార్యాపిల్లల్ని కారులో దాచి సరిహద్దు దాటించారు. కాడెన్ విద్య తలలో పెట్టుకుని అతను జపానుకు, సుజుకీవారి దగ్గరికి చేరాడు. 1962లో 50 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, సుజుకీ బండి మీదే. సుజుకా ట్రాకులో ఒక మలుపుకి ఈనాటికీ డెగ్నర్ పేరే.

గురువుకి ఏం మిగిలిందీ అంటారా? కాడెన్ మాత్రం షోపావ్‌లోనే వుండిపోయాడు. డెగ్నర్ 1983లో పోయాడు. సరిగ్గా ఆ ఏడే మన దేశంలో రాజ్‌దూత్ 350 రోడ్డెక్కింది. ఇదంతా నేను చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నాను. ఆనాడు నాకు తెలిసిన గురువు ఒక్కడే, మా ఉస్తాద్.

ఉస్తాద్ షెడ్డు పంజాగుట్ట పోయేదారిలో ఒక వేపచెట్టు కింద. నాలుగు రేకులు, ఒక పెట్టె, ఒక పాత సోఫా. ఆయనకి ఒక అలవాటుండేది. ఎవరైనా పాత సినిమా వారపత్రిక పడేస్తే దాచుకునేవాడు. చదవటానికి కాదండోయ్! కాయితం సన్నగా వుంటుందని. రెండు పేలికలు చింపి, రెండు సైలెన్సర్ల తోకల వెనక చెరో తీగకి వేలాడగట్టి, ఇంజన్ నెమ్మదిగా నడిపించేవాడు. రెండు కాయితాలూ ఒక్కలాగే కొట్టుకుంటే రెండు సిలిండర్లూ ఒక్కలాగే పనిచేస్తున్నట్టు. ఒకటి ఎగిరి, ఒకటి నిద్రపోతుంటే ఎక్కడో తిరకాసున్నట్టు. ఎందరు హీరోయిన్ల ముఖాలు ఆ పొగకి నల్లబడ్డాయో! ఒకసారి నేను ముచ్చటపడి దాచుకున్న సెంటర్‌పేజీ కూడా అలాగే పోయింది. ఇంకా మరిచిపోలేదు.

ఇక నా ఘనకార్యం.

ఆ వేసవిలో అన్నయ్య, వదిన వూరెళ్ళారు. బండి తాళాలు నాకిచ్చి, ‘కాలేజీకి తప్ప తియ్యకు’ అన్నాడు. అదే వారం మా కరీంనగర్‌వాడికి అదృష్టం కలిసొచ్చింది. ఒక ఫైటుమాస్టరు అసిస్టెంటు వాణ్ణి చూసి, సోమవారం స్టూడియోకి రమ్మన్నాడు. మట్టిదిబ్బ మీంచి బైకు ఎగిరించి చూపించాలి. బండి మీరే తెచ్చుకోండి అన్నాడట.

‘అరె, మన ఆర్‌డి వున్నది గదరా! గని చప్పుడు సరిపోదు. గేటు దగ్గర్నుంచే ఆళ్ళు తిరిగి చూడాలె’ అన్నాడు వాడు.

గురువారం జుమ్మేరాత్ బజార్‌కి పోయాం. గుర్రపు నాడాల నుంచి గ్రామఫోన్ల దాకా అన్నీ దొరికే సంత. అక్కడ ఒక తాత ముందు తుప్పుపట్టిన రెండు పొట్టగొట్టాలు కనిపించాయి. జోడీ అన్నాడు. నా మెస్సు డబ్బులు, వాడి జేబులోవి కలిపి కొనేశాం. శుక్రవారం వాటిని ఉస్తాద్ ముందు పెట్టాను. ఆయన ఏమీ మాట్లాడకుండా దారం తీసి, గొట్టం వంపులవెంట మధ్యగా పట్టి కొలిచాడు. తర్వాత తోకలకు గుడ్డలు కుక్కి, చెంబుతో నీళ్ళు పోయటం మొదలుపెట్టాడు. కుడిదానికి ఎన్ని చెంబులు పట్టాయి, ఎడమదానికి ఎన్ని పట్టాయి... ఎడమది ముందే నిండి పొర్లింది. నీళ్ళు అబద్ధం చెప్పవు కదా.

‘ఇది జోడీ గాదు బేటా. రెండు వేరే వేరే బండ్లవి. ఎడమది రెండంగుళాలు తక్కువ. సోమ్వారం రా, కోసి రింగ్ వేసి సైజ్ చేసి ఇస్త. కార్బురేటర్ల పెద్ద జెట్ గూడ ఏయాలె, జెట్ నా దగ్గర లేదు, తెప్పియ్యాలె. అప్పటిదాంక పెట్టకు. పిస్టన్ పట్టేస్తది.’

నేను గొట్టాలు ఇంటికి తెచ్చేసుకున్నాను. సోమవారం అంటే మా ట్రయల్ రోజు! శనివారం రాత్రి లాంతరు పెట్టుకుని నేనే బిగించాను.

జెట్టు ఎందుకు మార్చాలో ఒక్క ముక్కలో చెబుతాను, బండ్లున్నవాళ్ళకి పనికొస్తుంది. గొట్టం బాగా లాగితే ఇంజన్లోకి గాలి ఎక్కువ వస్తుంది. పెట్రోలు వచ్చే బెజ్జం మాత్రం పాతదే. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే మంట వేడెక్కుతుంది. టూస్ట్రోకులో నూనె కూడా పెట్రోలు గాలితోనే పిస్టన్‌కి చేరాలి. వేడికి పిస్టన్ వుబ్బి సిలిండర్ని పట్టేస్తుంది. అంతే, ఇంజన్‌తో పాటు వెనక చక్రం కూడా బిగుసుకుపోతుంది. అనుభవమున్నవాళ్ళు రెండు వేళ్ళు ఎప్పుడూ క్లచ్చు మీదే వుంచుతారు. నాకు అనుభవం లేదు, నా వేళ్ళన్నీ యాక్సిలేటరు మీదే వున్నాయి!

ఆదివారం తెల్లవారుజామున బయలుదేరాం. నేను ముందు, వాడు వెనక. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఆ చప్పుడుకి కుక్కలు లేచాయి, పాలవాళ్ళు తిట్టారు. వాడు వెనక నుంచి ఈల వేస్తున్నాడు. బండిలో ఏదో వొణుకు, చేతులు జిలపెడుతున్నాయి. అది రెండు శ్రుతుల గొడవ అని తెలియదు. గ్రీన్‌లాండ్స్ దాటి బేగంపేట విమానాశ్రయం వైపు రోడ్డు ఖాళీ. 2008లో మామూలు ప్రయాణికుల విమానాలు ఆగిపోయిన ఆ విమానాశ్రయం అప్పుడు నగరమంతటికీ గర్వకారణం. అటువైపు తిప్పి పూర్తిగా తెరిచాను.

ఒక్క క్షణం... నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం బండి మబ్బు మీద పోతున్నట్టనిపించింది. తర్వాత ఎడమ కాలి కింద కీచుమని చిన్న అరుపు. ఆ తర్వాత ఆకాశం, రోడ్డు, ఆకాశం.

నాకు మోచేతులు చెక్కుకుపోయాయి. వాడి ఎడమకాలు బండి కింద వుంది. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి.

ఆస్పత్రి సంగతులు రాయను. కట్టు విప్పేసరికి వర్షాకాలం దాటింది. ఆ కాలు కాస్త కురచైంది. నడకలో తెలిసీ తెలియని కుంటు. డూపు వేషానికి ఎవరూ పిలవలేదు, వాడూ మళ్ళీ ఆ గేటు దగ్గర నిలబడలేదు.

అన్నయ్య వూరినుంచి పరుగెత్తుకొచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. విప్పి పెట్టిన పిస్టన్ చేతిలోకి తీసుకుని, గీతలుపడ్డ వైపు బొటనవేలితో రాసి చూసి, ‘ఈ గొట్టాలు ఉస్తాద్ చూశాడా?’ అని అడిగాడు.

‘చూడలేదు’ అన్నాను.

ఉస్తాద్ అక్కడే వున్నాడు. విన్నాడు. ఏమీ అనలేదు. అన్నయ్య వెళ్ళాక మాత్రం, ‘రేపు ఫజర్ నమాజ్ అయినంక రా. షెడ్డు ఊడ్వు’ అన్నాడు.

అలా రెండేళ్ళు ఊడ్చాను. సిలిండరు బోరు చేయించిన డబ్బు, వాడి ఆస్పత్రి ఖర్చులో కొంత ఆ పనిలోనే తీర్చాను. ఊడ్చేవాణ్ణల్లా మెల్లగా స్పానర్లందించేవాణ్ణయ్యాను, ఆ పైన చెవి పెట్టి వినేవాణ్ణయ్యాను. రెండు కార్బురేటర్ల మూతుల్లో చెరో వేలు పెట్టి, యాక్సిలేటరు తిప్పితే రెండు స్లయిడ్లూ ఒకేసారి కదులుతున్నాయో లేదో చూడటం నేర్చుకున్నాను. గొట్టం సిలిండరుకు తగిలే చోట నల్లటి జిడ్డు కనిపిస్తే అక్కడ కారుతోందని అర్థం. పొగ కారటం అటుంచండి, అక్కడ అల చెడుతుంది. గొట్టం తోక మరీ సన్నమైతే వేడి లోపలే నిలిచిపోతుంది, మరీ వెడల్పైతే నెట్టుడు వుండదు. అన్నిటికంటే పెద్ద పరీక్ష ప్లగ్గు. పూర్తి వేగంలో ఒక్కసారి ఇంజన్ ఆపేసి, క్లచ్చు పట్టి బండి నిలిపి, ప్లగ్గు విప్పాలి. కాఫీరంగు వుంటే సుఖం. నల్లగా తడిగా వుంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా వుంటే... ఆ తెలుపు చూస్తే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

తర్వాత ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. ఆ కథంతా మీకెందుకు? కరీంనగర్‌వాడు సినిమాలకే బండ్లు సప్లయి చేసే పనిలో పడ్డాడు. హీరో ఎక్కే కారు, విలన్ తగలబెట్టే జీపు అన్నీ వాడే తెచ్చేవాడు. బాగానే గడిచింది. మా స్నేహం చెడలేదు. పండగలకి ఇళ్ళకి పోతూ వస్తూనే వున్నాం. వాడు మెట్లెక్కేటప్పుడు నేను మాత్రం ముందు నడిచేవాణ్ణి. వెనక వుంటే ఆ కాలు చూడాలి కదా.

ఉస్తాద్ పోయి చాలాకాలమైంది. వేపచెట్టూ లేదు. అమీర్‌పేట నడినెత్తిన 2017 నుంచి మెట్రో పరుగెడుతోంది. సత్యం థియేటర్ వున్నచోట 2023లో మల్టీప్లెక్సు తెరిచారు. సారథీ మాత్రం పేరు నిలుపుకుంది.

ఈమధ్య అమెరికా నుంచి మా మేనల్లుడు ఒక వీడియో పంపాడు. మంచుకొండల మీద తోలే స్నోమొబైల్ అట. ముందు రెండు స్కీలు, వెనక ట్యాంకుకున్నట్టు పట్టా. ‘మావయ్యా, దీనికి రెండు గొట్టాలు పెట్టించా, సరిగ్గా లాగట్లేదు’ అన్నాడు. చూద్దును కదా, మన ఆర్‌డి చెల్లెలే! రెండు సిలిండర్ల టూస్ట్రోకు. మామూలుగా రెండిటికీ కలిపి ఒకటే పొట్టగొట్టం వుంటుంది, వీడు విడివిడిగా రెండు పెట్టించాడు. నేను మొదట అడిగింది, ‘దారంతో కొలిచావా?’ అని. రెండోది, ‘ఎంత ఎత్తులో తోలుతున్నావు?’ అని. 3000 మీటర్ల ఎత్తున గాలి సముద్రమట్టం కంటే పావువంతు పలచన. అక్కడ జెట్టు చిన్నది కావాలి, మన వూళ్ళో లెక్క పనికిరాదు. ఇప్పటివాటిలో చాలావాటికి జెట్టు బదులు కంప్యూటరే పెట్రోలు కొలిచి పోస్తుంది లెండి, దానికీ కొత్త గొట్టం సంగతి చెప్పాలి. ఇంకో విశేషం, వాటికి మన స్కూటీలకున్నట్టు బెల్టు వుంటుంది, గేర్లుండవు. ఇంజన్ ఎప్పుడూ ఒకే వేగం దగ్గర నిలిచి పాడుతుంది. కాబట్టి గొట్టాన్ని ఆ ఒక్క శ్రుతికి బిగిస్తే చాలు. మన ఆర్‌డికి ఆ సుఖం లేదు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో పాకాలి, బేగంపేట రోడ్డు మీద ఎగరాలి. రెండు చోట్లా పాడాలంటే గొట్టం కాస్త సర్దుకుపోయే గుణం కలదై వుండాలి.

వాడికి ఫోన్లో చెబుతుంటే పక్కనే మా కరీంనగర్‌వాడి కొడుకు వున్నాడు. మర్నాడే నా ఇంటిముందు ఒక ఆర్‌డి ఆగింది. ఈ కాలంలో ఆ బండ్లు లక్షలు పలుకుతున్నాయి, అయినా కొన్నాడు. ‘బాబాయ్, నువ్వే ట్యూన్ చెయ్యాలె’ అన్నాడు. చూస్తే రెండు గొట్టాలు! కుడిది ఒకరు చేసింది, ఎడమది ఇంకొకరు చేసింది.

పోయిన ఆదివారం ఎల్లారెడ్డిగూడలో వాళ్ళ ఇంటి వెనక పని మొదలుపెట్టాం. దారం తెచ్చాను. బక్కెట్టు, చెంబు తెచ్చాను. కురచగా వున్నదాన్ని ముందే కోయించి రింగు వేయించాను. తోకలకి సైలెన్సర్లు బిగించాను. పొట్టగొట్టం గొప్ప దాని ఆకారంలో వుంది గానీ అరుపులో లేదు. సైలెన్సర్ లేకుండా తిరిగితే మోటారు వాహనాల నిబంధనల్లో 120వది వూరుకోదని కుర్రాడికి గట్టిగా చెప్పాను. వాడు ముఖం మాడ్చుకున్నాడు. నేను ఆ వయసులో మాడ్చుకున్నట్టే.

రెండు కాయితం పేలికలు వేలాడగట్టి ఇంజన్ నడిపించాం. ఇప్పుడు పాత సినిమాపత్రిక దొరకటమూ కష్టమే సుమండీ, కుర్రాడి పరీక్ష పుస్తకంలో చింపాం. ముందు ఎడమది గోల చేసింది. కార్బురేటరు కేబులు కాస్త బిగించాను. నెమ్మదిగా రెండూ కలిశాయి. ఆ చప్పుడు కలిసిపోయి ఒకటే మోత అయినప్పుడు మా కరీంనగర్‌వాడు కుర్చీలోంచి లేచొచ్చి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

కొడుకు ప్లగ్గు పరీక్షకి బండి తీసుకుపోయాడు. మేమిద్దరమే మిగిలాం. అప్పుడు చెప్పేశాను.

‘ఒరేయ్, ఆ శుక్రవారం ఉస్తాద్ గొట్టాలు కొలిచాడురా. పెట్టొద్దన్నాడు. పిస్టన్ పట్టేస్తుందని కూడా అన్నాడు. తెలిసే పెట్టాను. తెలిసే నిన్ను ఎక్కించుకున్నాను.’

వాడు చాలాసేపు చేతులు తుడుచుకుంటూనే వున్నాడు.

‘నాక్కూడ చెప్పిండు’ అన్నాడు చివరికి.

నాకర్థం కాలేదు.

‘శనారం నాడు ఉస్తాద్‌కి చాయ్ తీస్కపోయిన గద. అప్పుడు. నీ దోస్తు ఆ పైపులు పెట్టకుండ చూడు, సోమ్వారం దాంక ఆగుమను అన్నడు. నేను నీకు చెప్పలె. సోమ్వారం నా ట్రయల్. చప్పుడు కావాలె నాకు.’ కాసేపాగి అన్నాడు, ‘నా కాలు విరగ్గొట్టిన అని నువ్వు రెండేండ్లు షెడ్డు ఊడుస్తుంటే జూసిన. ఎట్ల చెప్పాల్నో తెల్వలె. గట్లనే నలభై ఏండ్లైపాయె.’

ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. ఇంతలో కుర్రాడు ఇంజన్ ఆపిన బండిని తోసుకుంటూ గేట్లోకి వచ్చాడు. రెండు ప్లగ్గులూ విప్పి నా అరచేతిలో పెట్టాడు. వేడికి చురుక్కుమంది. కుడిది మంచి కాఫీరంగు.

‘ఎడమది కొంచెం తెల్లగున్నది’ అన్నాడు మావాడు, నా భుజం మీంచి వంగి చూస్తూ. ‘ఒక నంబరు పెద్ద జెట్టు ఎయ్యి.’